అందరికీ కనీస ఆదాయం ఇస్తే మీ ఇంటికి నికరంగా మిగిలేదెంత? లెక్క ఎలా వేయాలి

ఏఐ వచ్చి ఉద్యోగాలు పోతాయన్న చర్చ ఎక్కడ మొదలైనా, రెండో నిమిషంలో ఎవరో ఒకరు ‘అందరికీ నెలనెలా కనీస ఆదాయం ఇచ్చేస్తే సరి’ అంటారు. పక్కనున్నాయన ఫోను తీసి జనాభాని గుణించి ‘దేశం దివాలా తీస్తుంది’ అంటాడు. మూడో ఆయన ‘సబ్సిడీలన్నీ ఎత్తేస్తే ఆ డబ్బే చాలు’ అంటాడు. ఈ ముగ్గురిలో ఒక్కరు కూడా ఒక్క ఇంటి లెక్కయినా వేసి ఉండరు. డిగ్రీ విద్యార్థులతో, డ్వాక్రా సంఘాల మహిళలతో ఈ లెక్క చాలాకాలంగా చేయిస్తున్నాను. జనం ఎప్పుడూ ఒకేచోట బోల్తాపడతారు. ఆ చోటు దాటితే మిగతాదంతా కూడికలు, తీసివేతలే.

కావలసినవి

గీతల నోటుబుక్కు, కాలిక్యులేటర్, ఆ ఇంటి బియ్యం కార్డు, పింఛన్ వివరాలు, బ్యాంకు పాసుపుస్తకం. ఎక్సెల్ వద్దు. గళ్లు దానంతటదే నింపేస్తుంటే ఏ అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగరు. చేత్తో రాస్తే ప్రతి అంకె దగ్గరా ఆగాల్సిందే.

1. ఉద్యోగాల పేర్లు కాదు, చేసే పనులు రాయండి

2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఇద్దరు అమెరికాలో 47 శాతం ఉద్యోగాలకు యంత్రాల ముప్పు ఎక్కువగా ఉందన్నారు. మూడేళ్ల తర్వాత ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక కూటమి) కోసం చేసిన అధ్యయనంలో అది 9 శాతమే అని తేలింది. ఇంత తేడా ఎందుకంటే, మొదటివాళ్లు వృత్తిని మొత్తంగా తీసుకున్నారు, రెండోవాళ్లు అందులోని పనుల్ని విడివిడిగా చూశారు. మీరూ రెండో దారిలోనే వెళ్లండి.

వరికోత మిషన్‌నే చూడండి. అది కోస్తుంది, నూరుస్తుంది, ధాన్యాన్ని ట్రాక్టర్లో పోస్తుంది. తడి ధాన్యాన్ని రోడ్డు పక్కన ఆరబోయడం, గంటకోసారి కాలితో తిరగేయడం, మబ్బు పడితే పరుగున పట్టాలు కప్పడం, గోతాలకెత్తడం ఇప్పటికీ మనుషులే చేస్తున్నారు. కాబట్టి ‘వ్యవసాయ కూలీ’ అని ఒక్క ముక్క రాస్తే ఏమీ తెలియదు. కోత కూలి పోయింది, ఆరబోత కూలి ఉంది, కలుపుమందు వచ్చాక కలుపుతీత రోజులు తగ్గాయి అని రాయాలి. అకౌంటెంటుకైనా, కాల్ సెంటర్ అమ్మాయికైనా ఇదే పద్ధతి. పోయిన పనికి ఏడాదికి ఎంత వచ్చేదో పక్కన వేసి పన్నెండుతో భాగించండి. ఆ ఇంటికి నెలకు పడిన గండి అదే. ఈ దశకు అరగంట చాలు.

2. మొత్తం నిర్ణయించండి

మనిషికి, నెలకు అని రాయాలి. కుటుంబానికి అని రాయకూడదు. కుటుంబానికి అన్నారంటే ఆ డబ్బు ఇంటి యజమాని ఖాతాలో పడి, కోడలికి చూపు మాత్రమే దక్కుతుంది. పిల్లలకూ పెద్దలతో సమానంగా వేయండి, వాళ్ల వాటా తల్లి ఖాతాలోకి వెళ్లాలి. భూమిని బట్టి ఇచ్చేదాన్ని కనీస ఆదాయం అనకండి. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు ఎకరానికి ఇంత అని ఇచ్చింది. పట్టా ఉన్నవారికి డబ్బు వచ్చింది, కౌలు రైతుకు రాలేదు. అది పెట్టుబడి సాయం, దాని లెక్క వేరు.

2016-17 ఆర్థిక సర్వే మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు అనుకుని, జనాభాలో 75 శాతానికి ఇస్తే జీడీపీలో 4.9 శాతం అవుతుందని చూపింది. ధరలు పెరిగాయి కాబట్టి మనం నెలకు 1,000 అనుకుందాం.

3. గుణించండి

140 కోట్ల మందికి, నెలకు వెయ్యి చొప్పున, ఏడాదికి 16.8 లక్షల కోట్లు. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం సుమారు 50.65 లక్షల కోట్లు, అంటే అందులో మూడోవంతు. ఈ అంకె చూడగానే అందరూ పుస్తకం మూసేస్తారు. మీరు మూయకండి.

4. నికర లెక్క: ఇక్కడ మాత్రం తొందరపడొద్దు

ఇందులో రెండు భాగాలున్నాయి. రెండూ చేయాలి, అదీ ఈ వరుసలోనే.

మొదటి భాగం, డబ్బు ఎవరి దగ్గరినుంచి ఎవరికి వెళ్తోందో చూడడం. నలుగురు మనుషుల్ని రాయండి. నెల ఆదాయాలు 5 వేలు, 10 వేలు, 25 వేలు, 60 వేలు. అందరికీ వెయ్యి ఇస్తే ఖర్చు 4,000. దానికోసం అందరి ఆదాయం మీదా 4 శాతం వసూలు చేశారనుకోండి. 200, 400, 1,000, 2,400, మొత్తం సరిగ్గా 4,000. ఇప్పుడు ఒక్కొక్కరికి వచ్చిందీ పోయిందీ కలిపి చూడండి. మొదటి మనిషికి 800 మిగిలింది, రెండో మనిషికి 600. మూడో మనిషికి వచ్చిందీ లేదు, పోయిందీ లేదు. నాలుగో మనిషి 1,400 ఇచ్చాడు. పైకి 4,000 ఖర్చుగా కనిపించినా నిజంగా చేతులు మారింది 1,400. ఫోనులో గుణించిన పెద్దమనిషి తప్పింది ఇక్కడే.

అయితే ఆ 1,400 ఇచ్చేవాడి దగ్గరినుంచి నిజంగా వసూలవుతుందా అని తప్పక అడగాలి. నెలకు 60 వేలంటే ఏడాదికి 7.2 లక్షలు. 2025-26 నుంచి కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల దాకా ఆదాయపు పన్ను కట్టనక్కర్లేదు. అంటే మన లెక్కలో భారం మోయాల్సిన మనిషి ఇవాళ ఆ పన్ను ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు. అందుకని ఆ సొమ్మును జీఎస్టీలో కలిపేస్తే 5 వేల మనిషి వచ్చినదంతా ఖర్చు పెట్టేవాడు కాబట్టి పూర్తిగా కడతాడు. 60 వేల మనిషి దాచుకున్న భాగం మీద కట్టడు. పన్ను ఏ రూపంలో వసూలు చేస్తారో రాయని కనీస ఆదాయం లెక్కను ఎవరు తెచ్చినా నేను వెనక్కి ఇచ్చేస్తాను. యంత్రం వల్ల పెరిగిన లాభం యంత్రం యజమాని దగ్గరే ఉంది కాబట్టి ఆ లాభం మీదనే పన్ను వేయాలన్నది నా గట్టి అభిప్రాయం. అలాస్కాలో చమురు ఆదాయంతో నిధి పెట్టి, 1982 నుంచి ఏటా అక్కడి నివాసులకు వాటా పంచుతున్నారు. దారి లేదనడానికి వీల్లేదు.

రెండో భాగం ఇంకా ముఖ్యం: దేన్ని తీసేస్తారు? ‘సబ్సిడీలు ఎత్తేస్తే చాలు’ అనే మాటను ఇక్కడ తూకం వేయాలి. 2025-26 బడ్జెట్‌లో ఆహార సబ్సిడీకి దాదాపు 2.03 లక్షల కోట్లు, ఎరువులకు 1.68 లక్షల కోట్లు, ఉపాధి హామీకి 86 వేల కోట్లు, పీఎం కిసాన్‌కు 63,500 కోట్లు కేటాయించారు. నాలుగూ కలిపినా 5.2 లక్షల కోట్లు. కావలసిన దాంట్లో మూడోవంతు కూడా రాలేదు. ఈలోగా పేదింటి నుంచి ఏం పోయిందో చూడండి.

ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఇల్లు తీసుకోండి. మామ్మ, కొడుకు, కోడలు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు. ఐదుగురికి వెయ్యి చొప్పున 5,000 వస్తుంది. మామ్మకు ఇప్పుడు పింఛన్ 4,000, అది ఆగిపోతుంది. రేషన్ బియ్యం తలకు 5 కిలోలు, మొత్తం 25 కిలోలు. బయట కిలో 40 వేసుకున్నా 1,000. వచ్చింది 5,000, పోయింది 5,000. ‘తల్లికి వందనం’ కూడా తీసేస్తే, తల్లి ఖాతాలో పడే 13 వేలు చొప్పున ఇద్దరు పిల్లలకు ఏడాదికి 26 వేలు, నెలకు 2,166. అంటే కనీస ఆదాయం వచ్చాక ఆ ఇల్లు నెలకు 2,166 రూపాయలు పోగొట్టుకుంది. అదే వీధిలో బియ్యం కార్డు, పింఛన్ ఏవీ లేని నలుగురి ఇంటికి, స్థితిపరులైనా సరే, 4,000 కొత్తగా వచ్చింది.

ఇప్పుడు ఇదే కుటుంబాన్ని తెలంగాణలో పెట్టి చూడండి. పింఛన్ 2,016. సన్నబియ్యం తలకు 6 కిలోలు, మొత్తం 30 కిలోలు, కిలో 50 వేస్తే 1,500. ఐదు వేలలోంచి తీసేస్తే 1,484 మిగులుతుంది. దేశమంతటికీ ఒకే వెయ్యి అన్నా ఒక రాష్ట్రంలో, ‘తల్లికి వందనం’ కలపకుండానే, సున్నా, ఇంకో రాష్ట్రంలో పదిహేను వందలకు కాస్త తక్కువ. అందుకే ఇంటి లెక్క వేయకుండా దేశం లెక్క చెప్పకూడదంటాను.

బియ్యం ధర వేసేటప్పుడు జాగ్రత్త. ‘రేషన్ బియ్యం బయట అమ్మితే ఏ కొద్దో వస్తుంది, అదే వేద్దాం’ అని కొందరు తెలివి చూపిస్తారు. కుదరదు. అమ్మితే వచ్చేది కాదు, కొనాల్సి వస్తే అయ్యేది వేయాలి. రేపు రేషన్ షాపు మూతపడితే ఆ ఇల్లాలు కిరాణా కొట్టు ధరకే కొనుక్కోవాలి.

ధరలు పెరిగినప్పుడు ఈ వెయ్యి పెరుగుతుందా అన్నది కూడా ఇక్కడే రాసుకోండి. వృద్ధాప్య పింఛన్‌లో కేంద్రం వాటా 2007లో 200 రూపాయలు. 60 నుంచి 79 ఏళ్ల వారికి ఇప్పటికీ 200 రూపాయలే. మిగతాదంతా రాష్ట్రాలు కలిపి ఇస్తున్నవే. ధరల సూచీకి ముడిపెట్టని పథకమైతే ఐదో ఏటి లెక్క కూడా వేయండి. ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయనుకుంటే ఐదేళ్ల తర్వాత ఆ వెయ్యితో ఇవాళ్టి దాదాపు 780 రూపాయల సరుకే వస్తుంది.

5. ‘ఊరికే డబ్బిస్తే పని మానేస్తారు’ అన్నప్పుడు

ఎవరో తప్పకుండా అంటారు. ఎక్కువ సమయం ఇవ్వకండి. 2011-12లో మధ్యప్రదేశ్ గ్రామాల్లో ‘సేవా’ (SEWA) అనే స్వయం ఉపాధి మహిళల సంఘం, యూనిసెఫ్ సాయంతో పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 ఇచ్చి చూసింది, తర్వాత 300, 150 చేశారు. జనం పని మానలేదు, సొంత పొలం పని, సొంత చిన్న వ్యాపారం పెరిగాయి. ఫిన్లాండ్‌లో 2017, 2018ల్లో 2,000 మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు ఇస్తే అక్కడా పని తగ్గలేదు. రెండు చోట్లా ఉన్న మిగతా సాయాలన్నీ ఎత్తేసి చేసిన ప్రయోగాలు కావవి. మధ్యప్రదేశ్‌లో రేషన్ ఉండగానే పైన ఇచ్చారు. ఈ సంగతి చెప్పకుండా ఆ ఫలితాల్ని, అన్నీ తీసేసే పథకానికి సాక్ష్యంగా వాడేవాళ్లను అక్కడే ఆపండి.

6. చివరి పేజీ

ఒక్కో ఇంటికి ఒక్కో వరుస. మొదటి గడిలో యంత్రం వల్ల పడిన గండి, రెండో గడిలో వచ్చే కనీస ఆదాయం, మూడో గడిలో ఆగిపోయేవి, నాలుగో గడిలో కట్టాల్సిన కొత్త పన్ను, ఐదో గడిలో నికరం. కనీసం పది ఇళ్లు రాయండి. వాటిలో ఒంటరి మహిళ ఇల్లు, దివ్యాంగులున్న ఇల్లు, కౌలు రైతు ఇల్లు తప్పక ఉండాలి. నికరం తగ్గిన ఇంటి చుట్టూ ఎర్ర సిరాతో గీయండి. పేజీ పైన తేదీ, ఆ రోజు బియ్యం ధర, పింఛన్ మొత్తం రాసి పెట్టుకోండి. ఏటా ఏప్రిల్‌లో కొత్త బడ్జెట్ అమల్లోకి వచ్చాక మూడో గడి, నాలుగో గడి కొట్టేసి మళ్లీ వేయాలి.