సఫారీ బోటు వంటపనికి పోయేవాళ్లకు సొరల గురించి నాలుగు మాటలు

మన తిరుపతి పక్క సొర అంటే పుట్టే. ఉడకబెట్టి, తోలు తీసి, పొడిపొడిగా చిదిమి, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయలేసి వేయించేదే. బాలింత ఉండే ఇంట్లో పాలసొర కోసం మార్కెట్టంతా వెతుకుతారు. ప్రాణంతో తిరిగే సొరను చూసినోళ్లు మాత్రం తక్కువ. అందుకే మాల్దీవుల్లో టూరిస్టులను రోజుల తరబడి సముద్రంలో తిప్పే సఫారీ బోట్లకు వంటపనికి పోయే పిల్లోళ్లు నన్నడిగేది ఒకటే: "అన్నా, సొరలు కరుస్తాయంట కదా?" ఆ బోట్లలో గరిటె తిప్పినోణ్ణి, కాబట్టి వంటింటి వైపు నుంచే చెప్తా. బోటు చుట్టూ సొరలు చేరేదీ చేరనిదీ సగం మన చేతిలోనే ఉంటాది.

రాత్రిళ్లు బోటు లంగరేసేది ఎక్కువగా పగడపు దిబ్బల (రీఫ్) లోపలుండే లోతు తక్కువ నీళ్లలో. అక్కడ ముందు కనిపించేది రెక్క కొసన నల్ల మచ్చ ఉండే సొర. మనిషంత పొడుగు కూడా ఉండదు. మోకాలి లోతు నీళ్లలోకి కూడా వచ్చేస్తాది, మనం అడుగేస్తే పారిపోతాది. ఎప్పుడన్నా కరిచిందంటే, నీళ్లలో నడిచేవాళ్ల కాలిని చేప అనుకుని పట్టుకున్నదే. గోధుమ రంగులో, పగలంతా ఇసకలో పడుకోనుండేది నర్స్ షార్క్. సాధుజంతువే గానీ తోక పట్టి లాగితే కరుస్తాది, కరిస్తే తొందరగా వదలదు. వావు అటాల్ అనే దీవుల గుంపులో అలిమథా దీవి దగ్గర ఇవి రాత్రిళ్లు గుంపుగా వస్తాయి. బూడిద రంగు రీఫ్ సొర ఉండేది ఎక్కువగా దిబ్బల నడుమ కాలువల్లో, దిబ్బ బయటి అంచున. అది వీపు వంచి, పక్క రెక్కలు కిందికి దించి, ఒళ్లంతా ఊపుతా ఈదుతా ఉందంటే "దగ్గరికి రావద్దు" అని చెప్తా ఉన్నట్టే. పులిసొర సంగతి వేరే. దాన్ని చూడాలని జనం ఫువముల్లా దీవికి పోతారు, మనకొద్దు.

ఇప్పుడు మన పని. ఆడ రోజూ ట్యూనానే. తలకాయ, పేగులు, రక్తం కడిగిన నీళ్లు, ఇవన్నీ బోటు వెనక నిచ్చెన పక్కన పారబోస్తే అంతకన్నా తెలివితక్కువ పని లేదు. ఒకరోజు పోస్తే చిన్న చేపలొస్తాయి, వాటెనకాల సొరలు. రోజూ పోస్తే వాటికి టైము అలవాటైపోతాది, పొద్దున అదే నిచ్చెన మీంచి గెస్టులు దిగుతారు. చేప కోసేది బోటు నడిచేటప్పుడు, లోతు నీళ్లలో, గెస్టులందరూ పైనున్నప్పుడే పెట్టుకోండి. లంగరేసినాక అయితే చెత్తంతా సంచిలో కట్టి ఫ్రీజర్లో పడేయండి. కెప్టెన్ తొందరపెట్టినా సరే, ఈ ఒక్కదాంట్లో మొండిగా ఉండండి. వెనక లైటు ఉత్తపుణ్యానికి వెలగనియ్యొద్దు. వెలుతురుకు పురుగులాంటి సన్న జీవాలు చేరతాయి, వాటికోసం చేపలు, తర్వాత సంగతి తెలిసిందే.

మీరు ఈతకు దిగేటప్పుడు ఇంకొకటి. బావుల్లో ఈత నేర్చిన మనకు గట్టు మీంచి దబ్బున దూకేది అలవాటు. ఆడ దూకొద్దు. కళ్లద్దాలు పెట్టుకుని తల ముంచి చుట్టూ చూసి, నిచ్చెన మీద మెల్లగా దిగండి. తెల్లారకముందు, పొద్దుగూకినాక, నీళ్లు మసకగా ఉన్నప్పుడు, పక్కన ఎవరన్నా గాలం వేస్తా ఉన్నప్పుడు అసలొద్దు. మెడలో గొలుసు తీసేయండి, మెరిస్తే చేప పొలుసనుకుంటాది. ఇంజన్ ఆపినారా అని కూడా అడగండి. నేను సొరకన్నా ప్రొపెల్లర్‌కే ఎక్కువ భయపడతా.

ఎవరన్నా "మియరు!" అని అరిస్తే, మాల్దీవుల భాషలో అది సొరే. కాళ్లు చేతులు కొట్టొద్దు, వీపు చూపొద్దు. నిలువుగా ఉండి దానివైపే చూస్తా, అది తిరిగితే మీరూ తిరుగుతా, వెనక్కి వెనక్కి నిచ్చెన దగ్గరికి రండి. దానికి బయటికి పోయే దారి మాత్రం వదలండి, దిబ్బకూ మీకూ నడుమ ఇరికించొద్దు. చేతిలో చేప ఉంటే వదిలేయండి, పోతే పోనీ. మరీ మీదికొస్తే కాలికి తొడిగే ఈత రెక్కతో (ఫిన్ను) తొయ్యండి. కరిచి పట్టుకుంటే కళ్లమీద, మొప్పలమీద గట్టిగా కొట్టాల.

కరిస్తే ముందు నీళ్లలోంచి పైకి లాగండి. శుభ్రమైన గుడ్డ పెట్టి, బలంకొద్దీ అదమండి, మాటిమాటికీ తీసి చూడొద్దు. కాలో చెయ్యో చిమ్మి రక్తం పోతా ఉంటే గాయానికి పైన, గుండె వైపు టూర్నికే (రక్తం ఆపే బిగుతు పట్టీ) బిగించండి, రక్తం ఆగేదాకా. కట్టిన టైము నుదుటిమీదే రాయండి, డాక్టరు చూసేదాకా వదులు చేయొద్దు. దుప్పటి కప్పండి. ఇంకొకరు రేడియోలో సాయం పిలిచే 16వ ఛానల్ పట్టుకోవాల. ఆ టూర్నికేలు కొన్ని బోట్ల మందుల డబ్బాలో ఉండవు. బయల్దేరేముందు ఇక్కడే సర్జికల్ షాపులో ఒకటి కొని, ఇంట్లోవాళ్ల కాలికి కట్టి చూసుకుని, బ్యాగులో ఊరగాయ సీసా పక్కన పెట్టుకోండి.