కొండచిలువ ఎదురైతే ఏం చేయాలి, ఏం చేయకూడదు

కోస్తా పల్లెల్లోనూ, తెలంగాణలో అడవి అంచున ఉన్న గ్రామాల్లోనూ కొండచిలువ కనిపించడం అరుదైన సంగతి కాదు. చేపల చెరువు చుట్టూ కట్టిన వలలో చిక్కుకుని ఉండవచ్చు, కోళ్ల గూట్లో కోడిని మింగి బయటికి రాలేక అక్కడే చుట్టుకుని పడుకుని ఉండవచ్చు, పామాయిల్ తోటలో ఎండుమట్టల కుప్ప కింద బయటపడవచ్చు. ఎలుకలు, పక్షులు, కుందేళ్లు, నీటి వసతి ఉన్న చోటికి అది రావడం సహజం. అలా వచ్చిన పాము ప్రాణం నిలవడమూ, మన మనుషులకు గాయం కాకపోవడమూ చూసిన వెంటనే మనం చేసే పనిని బట్టే ఉంటాయి.

అన్నిటికంటే ముందు అది కొండచిలువేనా అన్నది ఆలోచించాలి. కొండచిలువకు విషం లేదన్న ధీమాతో పిల్లపామును చేత్తో పట్టుకోబోయి, అది రక్తపింజరి అయితే ప్రాణం మీదికి వస్తుంది. రక్తపింజరి ఒంటి మీద నల్లని అంచున్న గుండ్రటి లేదా కోలగా ఉండే మచ్చలు మూడు వరుసల్లో సాగుతాయి. ఒక్కో పొలుసు మధ్యలో గీత లేచి ఉండటం వల్ల చర్మం గరుకుగా కనిపిస్తుంది. కొండచిలువ మచ్చలు పెద్దవి, ఒకదానితో ఒకటి పోలికలేని ఆకారాల్లో ఉంటాయి. చర్మం నున్నగా మెరుస్తుంది, తల మీద బాణపు ములికి వంటి గుర్తు ఉంటుంది. రక్తపింజరి మీటరున్నర దాటడం అరుదు కాబట్టి, రెండు మీటర్లు మించిన మచ్చల పాము విషయంలో పొరపాటుకు అంతగా తావు లేదు, చిక్కంతా చిన్నవాటితోనే. ఈ గుర్తులను దగ్గరికి వెళ్లి చూడవద్దు. దూరం నుంచి ఫోన్లో జూమ్ చేసి ఫొటో తీసి, తెలిసినవారికి పంపాలి. అనుమానం తీరేవరకు దాన్ని రక్తపింజరిగానే భావించడం మంచిది.

పాము పొడవుకు కనీసం రెండింతల దూరంలో నిలబడి, పిల్లలను, కుక్కలను, మేకపిల్లలను అక్కడి నుంచి తప్పించాలి. కోత మిషన్ నడుస్తుంటే ఆపించాలి. కిరోసిన్, ఫినాయిల్ చల్లడం, పొగ పెట్టడం, కర్రతో పొడవడం వల్ల పాము మరింత లోపలికి దూరుతుందే తప్ప బయటికి రాదు. ఒక్కరు మాత్రం కళ్లు తిప్పకుండా దాన్ని గమనిస్తూ ఉండాలి. ఎటు వెళ్లిందో తెలియకపోతే పట్టేవారు వచ్చినా చేయగలిగింది తక్కువ. అటవీ శాఖ బీట్ అధికారికి గానీ, రేంజి కార్యాలయానికి గానీ ఫోన్ చేయాలి. ఆ నంబర్లు తెలియకపోతే అత్యవసర నంబరు 112కు చెప్పవచ్చు. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ సభ్యులు ఇలా వచ్చిన పాములను పట్టే పని చేస్తున్నారు. పొలం గట్టున తన దారిన తాను పోతున్న కొండచిలువను మాత్రం పట్టించనక్కరలేదు. దారి వదిలితే వెళ్లిపోతుంది.

వలలో చిక్కిన పాము సంగతి వేరు, దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. నైలాన్ దారం పొలుసుల కిందికి దిగి, పాము పెనుగులాడిన కొద్దీ బిగుసుకుని చర్మాన్ని కోస్తుంది. చాలామంది జాలితోనే వలను పట్టి లాగుతారు. అప్పుడు కోత ఇంకా లోతుగా దిగుతుంది. పాము చుట్టూ ఒక బారెడు మేర వదిలి వలను కత్తిరించి, ఆ వల ముక్కతో సహా అప్పగించాలని పట్టేవారికి చెప్పండి. ఒంటికి అంటుకున్న దారాలను చిన్న కత్తెరతో ఒక్కొక్కటిగా తీయడం పశువైద్యుడి దగ్గర జరగాల్సిన పని. పైకి మామూలుగా కనిపించినా పుండు చీము పడితే తర్వాత చనిపోవచ్చు కనుక, అక్కడికక్కడే వదిలేయమని ఒత్తిడి చేయవద్దు. వారు వచ్చేలోగా ఎండ తగలకుండా దూరం నుంచే గోనెసంచి కప్పి నీడ కల్పించగలిగితే అదే పెద్ద సాయం.

కడుపు ఉబ్బి ఉన్న పామును కదిలిస్తే, అది పారిపోవడానికి వీలుగా మింగినదాన్ని కక్కేస్తుంది. కోడి ఎలాగూ తిరిగి రాదు, పాము శ్రమ కూడా వృథా అవుతుంది. వేసవిలో గుడ్లను చుట్టుకుని కదలకుండా పడుకున్న ఆడ కొండచిలువ కనిపిస్తే అసలు తాకవద్దు. అది కండరాలను అదిరిస్తూ తన ఒంటి వేడితో గుడ్లను పొదుగుతుంది. కాసేపు నిలబడి చూస్తే ఆ అదురు మన కంటికే తెలుస్తుంది. పొదగడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. ఆ చోట దున్నక తప్పదనుకుంటే ముందుగా అటవీ శాఖకు చెప్పాలి. గుడ్లను మీరు జరపబోతే తిరగబడి, లోపలి పిల్ల చనిపోయే ప్రమాదం ఉంది.

కొండచిలువ కరిస్తే దాని తలను వెనక్కి లాగకూడదు. పళ్లు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి లాగితే కండ చీలుతుంది. తలను కాస్త ముందుకు నెట్టి విడిపించాలి. చుట్టుకుంటే తోక వైపు నుంచి విప్పాలి, ఇందుకు రెండో మనిషి తప్పనిసరి. మెడలో వేసుకుని ఫొటోలు దిగేవారిని నేను గట్టిగా వారిస్తాను: 2018లో పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయిగురి జిల్లాలో ఒక అటవీ అధికారి మెడకే కొండచిలువ బిగుసుకుంది, పక్కన మనుషులు ఉండబట్టి బయటపడ్డారు. కొండచిలువ కరిచిన గాయాన్ని సబ్బు నీటితో కడిగి ఆసుపత్రికి వెళ్లి, అవసరమైతే టీటీ ఇంజెక్షన్ వేయించుకోవాలి. ఏ పామో తెలియకపోతే కడగడానికీ, కట్టు కట్టడానికీ ఆగకుండా 108కు ఫోన్ చేయాలి.

పెంపకం మాటకొస్తే, మన కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో, అంటే అత్యంత రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. దాన్ని పట్టినా, చంపినా, ఇంట్లో ఉంచినా 3 నుంచి 7 ఏళ్ల జైలుశిక్ష, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా పడవచ్చు. చూడాలనిపిస్తే హైదరాబాద్ నెహ్రూ జూ, విశాఖ ఇందిరాగాంధీ జూ ఉన్నాయి. అద్దం మీద తట్టవద్దు, ఆ అదురు పామును బెదరగొడుతుంది. నగరాల్లో కొందరు పెంచుతున్న బాల్ పైథాన్ అనే కొండచిలువ ఆఫ్రికా జాతి. దానికి కొనుగోలు పత్రాలతో పాటు కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా కావాలి. అవి లేకుండా అమ్మజూపితే కొనవద్దు. ఇప్పటికే ఇంట్లో ఉండి పెంచలేని పరిస్థితి వస్తే చెరువు గట్టునో అడవిలోనో విడిచిపెట్టకుండా అటవీ శాఖను సంప్రదించాలి. అమెరికాలోని ఫ్లోరిడాలో పెంపకం నుంచి తప్పించుకున్న, యజమానులు వదిలేసిన బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో విస్తరించి, అక్కడి కుందేళ్లు, రకూన్‌ల వంటి జంతువులను చాలా చోట్ల దాదాపు కనిపించకుండా చేశాయి.