రక్షణకు బాప్తిస్మం తప్పనిసరా? వాక్యాన్ని ముందు పెట్టుకొని తేల్చుకునే విధానం

చెన్నైలో స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబాలలో ఈ ప్రశ్న సాధారణంగా మూడు సందర్భాలలో తలెత్తుతుంది: ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడు, వేరే సంఘంవారితో సంబంధం కుదిరినప్పుడు, బాప్తిస్మం తీసుకోని పెద్దవారు ఎవరైనా ఆసుపత్రిలో చివరి ఘడియలలో ఉన్నప్పుడు. గుంటూరు వైపు లూథరన్ ఇంటి అబ్బాయి నెల్లూరు బాప్టిస్టు ఇంటి అమ్మాయిని చేసుకుంటే, మనవడు పుట్టిన మూడో నెలకే నాన్నమ్మగారు "బాప్తిస్మం ఎప్పుడు పెట్టుకుందాం?" అని అడుగుతారు, అమ్మమ్మగారు "వాడు పెరిగి తనంతట తాను నమ్మకుండా బాప్తిస్మం ఏమిటి?" అని బదులిస్తారు. ఇద్దరూ బైబిలు తెరిచే మాట్లాడతారు. పెరంబూరులో ఒక చిన్న తెలుగు బైబిలు అధ్యయన కూటాన్ని నడిపిన అనుభవంలో, ఈ వాదనలో సగభాగం "తప్పనిసరి" అనే ఒక్క మాటను తలా ఒక అర్థంలో వాడడం వల్లే పుడుతుందని నాకు అర్థమైంది. అందుచేత ప్రశ్నను ఏ వరుసలో పరిశీలిస్తే తేటపడుతుందో ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా మాటలను సరిచూసుకోవాలి, ఎందుకంటే ఈ నగరంలో రెండు భాషల మాటలు కలగలిసి వినబడతాయి. తెలుగు ప్రొటెస్టెంట్లు బాప్తిస్మం అంటారు, తెలుగు కతోలికులు జ్ఞానస్నానం అంటారు; కానీ తమిళంలో ప్రొటెస్టెంట్లు చదివే పాత అనువాదపు బైబిలులో కూడా జ్ఞానస్నానం అనే మాటే ఉంది. పొరుగింటి తమిళులు ఆ మాట అన్నంత మాత్రాన వారు కతోలికులని అనుకోకూడదు. మొదట్లో నేను అలాగే పొరబడి, ఒక సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అనే ప్రొటెస్టెంట్ సంఘం) పెద్దాయనను, కతోలికుడనుకొని, వారి ఫాదర్ గారి క్షేమం అడిగాను. మన బాప్తిస్మం అనే మాట గ్రీకు నుండి ఉచ్చారణతో సహా వచ్చింది. మూలంలో దానికి ముంచడం అనే అర్థం ఉన్నా, తెలుగులో ఆ శబ్దం అలాగే నిలిచిపోవడం వల్ల ముంచుడా, చిలకరింపా అనే వాదానికి మన మాట తీర్పు చెప్పదు. ఆ వాదాన్ని ఇక్కడికి తీసుకురాకండి. నీళ్లు ఎన్ని ఉండాలన్నది ఒక ప్రశ్న, నీళ్లు లేకపోతే రక్షణ ఉంటుందా అన్నది మరొకటి.

ఇప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకొని "తప్పనిసరి" అనే మాటను విడదీసి వ్రాయండి. క్రీస్తు ఆజ్ఞాపించాడు కనుక విశ్వాసి దానిని కావాలని విడిచిపెట్టకూడదు అనేది ఒక అర్థం. ఒక వ్యక్తి ఎంత నమ్మినా నీటి బాప్తిస్మం లేకుండా చనిపోతే దేవుడు అతనిని రక్షించడు అనేది రెండవ అర్థం. మొదటి అర్థంలో దాదాపు అన్ని సంఘాలూ ఏకీభవిస్తాయి. రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) వంటి, నీటి బాప్తిస్మాన్ని ఆచరించని, సంఘాలు కొద్దిగా మాత్రమే ఉన్నాయి. రెండవ అర్థాన్ని మినహాయింపు లేకుండా పట్టుకునేవారూ తక్కువే. అసలు తగవు ఈ రెండింటి నడుమ ఉంది: ఆ నీటిలో దేవుడు నిజంగా ఏదైనా చేస్తున్నాడా, లేక అంతకు ముందే విశ్వాసం ద్వారా చేసినదానికి అది బహిరంగ సాక్ష్యమా? మీ ఇంట్లో నడుస్తున్న వాదన ఈ మూడింటిలో దేని గురించినదో ముందు గుర్తించండి.

తరువాత పేజీ మధ్యలో గీత గీసి, ఒకవైపు బాప్తిస్మాన్ని రక్షణతో ముడిపెట్టే వచనాలను, మరొకవైపు విశ్వాసాన్ని మాత్రమే చెప్పే వచనాలను వ్రాయండి. మొదటివైపు అపొస్తలుల కార్యములు 2:38, 22:16, యోహాను 3:5, మార్కు 16:16, రోమా 6:3-4, తీతుకు 3:5, 1 పేతురు 3:21 వస్తాయి. రెండవవైపు ఎఫెసీ 2:8-9, అపొస్తలుల కార్యములు 10:44-48, 16:31, లూకా 23:43, 1 కొరింథీ 1:14-17 వస్తాయి. ఒక్కొక్క వచనాన్ని దాని అధ్యాయంతో కలిపి చదవాలి. వాట్సాప్‌లో వచ్చే వచనపు బొమ్మలో ముందు వెనుకలు ఉండవు.

మార్కు 16:16లో "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును, నమ్మని వానికి శిక్ష విధింపబడును" అని ఉంది. మొదటి సగంలో రెండు మాటలు ఉండగా శిక్షను చెప్పే రెండవ సగంలో నమ్మకపోవడం ఒక్కటే ఉండడాన్ని గమనించాలి. అంతేకాక, 4వ శతాబ్దానికి చెందిన సీనాయి, వాటికన్ అనే గ్రీకు బైబిలు వ్రాతప్రతులలో మార్కు 16వ అధ్యాయం 8వ వచనంతోనే ముగుస్తుంది. అందుచేత ఈ ఒక్క వచనం మీద ఏ పక్షమూ తన ఇల్లు కట్టుకోకపోవడం మంచిది.

అపొస్తలుల కార్యములు 2:38 ఇంతకంటె బరువైనది. "పాపక్షమాపణ నిమిత్తము" బాప్తిస్మము పొందుడని పేతురు అన్నాడు. నిమిత్తము అనే తెలుగు మాటకు "కలుగుట కొరకు" అనే అర్థమూ ఉంది, "కారణంగా" అనే అర్థమూ ఉంది. క్షమాపణ అప్పటికే దొరికింది కనుక, ఆ కారణంగా బాప్తిస్మం పొందాలని కొందరు బోధకులు చెబుతారు. అయితే మత్తయి 26:28లో ప్రభువు తన రక్తం "పాపక్షమాపణ నిమిత్తము" చిందింపబడుతున్నదని చెప్పినప్పుడు గ్రీకులో కూడా దాదాపు అవే పదాలు ఉన్నాయి. క్షమాపణ అప్పటికే కలిగింది కనుక రక్తం చిందిందని అక్కడ ఎవరూ అనరు. కనుక "కారణంగా" అనే వివరణ నాకు బలహీనంగా కనిపిస్తుంది. అయినా పేతురు వాక్యం మారుమనస్సుతో మొదలవుతుందని, ఆ మాటను పక్కకు పెట్టి నీటిని మాత్రమే క్షమాపణకు జతచేయడం వాక్యాన్ని సగం చదవడమేనని కూడా ఒప్పుకోవాలి. నీటిమూలంగా, ఆత్మమూలంగా జన్మించాలని చెప్పే యోహాను 3:5లోని నీటిని ప్రాచీన సంఘ పితరులు బాప్తిస్మంగానే గ్రహించారు. సహజ జన్మ అనే వివరణ కూడా కొందరు ఇస్తారు.

రెండవవైపుకు వస్తే, అందరి నోటా మొదట వచ్చేది యేసు పక్కన సిలువ మీద ఉండి పరదైసు వాగ్దానం పొందిన దొంగ (లూకా 23:43). ఈ ఉదాహరణ మీద మొత్తం వాదాన్ని మోపకండి. సమస్త జనులకు బాప్తిస్మమిమ్మనే ఆజ్ఞ మత్తయి 28:19లో, పునరుత్థానం తరువాత వచ్చింది. ఆ దొంగ దానికి ముందే మరణించాడని ఎదుటివారు సులభంగా జవాబిస్తారు. అపొస్తలుల కార్యములు 10లో రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట జరిగినది ఇంతకంటె గట్టి ఆధారం. అక్కడ పేతురు ఇంకా మాట్లాడుతుండగానే, నీళ్లు తేకముందే, పరిశుద్ధాత్మ దిగాడు. కానీ పేతురు అంతటితో సరిపెట్టుకోలేదు. వారు బాప్తిస్మం పొందాలని ఆజ్ఞాపించాడు. ఆ ఒక్క అధ్యాయం రెండు పక్షాల నోళ్లకూ తాళం వేస్తుంది. దానికి పక్కన 8వ అధ్యాయంలోని గారడీవాడైన సీమోనును కూడా చదవండి: అతడు నమ్మి బాప్తిస్మం పొందినవాడే, అయినా "నీ హృదయము దేవునియెదుట సరియైనది కాదు" అని పేతురు చేత అనిపించుకున్నాడు.

వాక్యం చదివాక మీ సంఘం వ్రాతపూర్వకంగా ఏమి చెబుతుందో చూడాలి, ఎందుకంటే బోధకుని ప్రసంగానికీ సంఘపు విశ్వాస ప్రకటనకూ కొన్నిసార్లు దూరం ఉంటుంది. బాప్తిస్మం రక్షణకు ఐచ్ఛికమని చెప్పేవారిని కతోలిక సంఘం 1547లో ట్రెంట్ మహాసభలో ఖండించింది. అయినా అదే సంఘపు సత్యోపదేశం (అధికారిక బోధనా గ్రంథం), దేవుడు రక్షణను బాప్తిస్మానికి ముడివేశాడు గాని తాను మాత్రం తన సంస్కారాలకు కట్టుబడిపోలేదని 1257వ పేరాలో వివరిస్తుంది. క్రీస్తు కొరకు చంపబడినవారికి రక్త బాప్తిస్మం, కోరుకొని పొందకుండానే మరణించినవారికి ఆకాంక్ష బాప్తిస్మం ఉన్నాయని బోధిస్తుంది. ఇది కొత్తగా కల్పించిన సడలింపు కాదు. 392లో బాప్తిస్మం పొందకుండానే చనిపోయిన చక్రవర్తి రెండవ వాలెంటీనియన్ కోరుకున్న కృప అతనికి దక్కిందని మిలాను బిషప్ అంబ్రోజు అంత్యక్రియల ప్రసంగంలోనే చెప్పాడు. లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన బాప్తిస్మం రక్షణకు అవసరమని, పసిపిల్లలకూ ఇవ్వాలని చెబుతుంది. 1947 సెప్టెంబరు 27న మన చెన్నైలోని సెయింట్ జార్జి కథీడ్రల్‌లో ఏర్పడిన సి.ఎస్.ఐ. పసిపిల్లల బాప్తిస్మాన్నీ విశ్వాసుల బాప్తిస్మాన్నీ రెండింటినీ అంగీకరిస్తుంది. బాప్టిస్టులు, అనేక పెంతెకొస్తు సంఘాలు విశ్వాసమే రక్షణ మార్గమని, బాప్తిస్మం దానికి విధేయత అని అంటాయి. క్రీస్తు సంఘాలు అనే పేరు గలవారు మాత్రం పాపక్షమాపణ బాప్తిస్మం సమయంలోనే కలుగుతుందని గట్టిగా బోధిస్తారు.

బాప్టిస్టుల మాట విన్నప్పుడు "అయితే వారికి బాప్తిస్మం తేలికే" అనుకునేవారికి నేను బకింగ్‌హామ్ కాలువను చూపిస్తాను. మైలాపూరు దగ్గర రైలు వంతెన స్తంభాల నడుమ నల్లగా పారే ఆ కాలువే ఉత్తరాన మన కోస్తా వరకు సాగుతుంది. 1876-78 నాటి కరువులో దానిలో కొంత భాగం తవ్వించే పనిని ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు. పనిచేస్తూ సువార్త విన్నవారు బాప్తిస్మం అడిగినా కరువు ముగిసేదాకా ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న అనుమానానికి తావు ఉండకూడదని ఆయన ఉద్దేశం. సహాయపు పనులు ఆగిన తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీరు లేకపోతే నరకమే అని నమ్మినవాడు కరువులో, చావు ఇంటింటా తిరుగుతున్న కాలంలో, నెలల తరబడి ఆపి ఉండడు. నీటికి విలువ లేదనుకున్నవాడు అన్ని వేలమందిని ఏటి ఒడ్డుకు పిలిచి ఉండడు.

నా అభిప్రాయం దాచుకోవడం లేదు: మొదటి అర్థంలో బాప్తిస్మం తప్పనిసరి, రెండవ అర్థంలో కాదు. అయితే మీరు తేల్చుకోవలసింది మీ పరిస్థితిని బట్టి. నమ్మి, అవకాశం ఉండి, ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్నవారైతే మీ పాస్టరు గారిని కలిసి తేదీ అడగండి. "లేకపోయినా రక్షణ ఉంది కదా" అనే వాక్యం మీ కోసం వ్రాయబడలేదు. శైశవంలో బాప్తిస్మం పొంది, ఇప్పుడు మళ్లీ తీసుకోమని కొత్త సంఘం అడుగుతున్నదైతే, అది ఎఫెసీ 4:5లోని "బాప్తిస్మ మొక్కటే" అనే మాటకు విరుద్ధమని సి.ఎస్.ఐ., లూథరన్, కతోలిక సంఘాలు అంటాయని, బాప్టిస్టుల దృష్టిలో అది రెండవది కాక మొదటిదేనని తెలుసుకొని, రెండు సంఘాల పెద్దలతోనూ మాట్లాడిన తరువాతే నిర్ణయించండి. బిడ్డను కోల్పోయిన తల్లితో ఈ చర్చ పెట్టకండి. ఒక ఇంట్లో అలా మాట్లాడిన బోధకుని పక్కన నేను మౌనంగా కూర్చున్నాను, ఆ మౌనానికి నేటికీ సిగ్గుపడుతున్నాను. అటువంటి పసిబిడ్డల రక్షణ విషయంలో నిరీక్షించడానికి ఆధారాలు ఉన్నాయని కతోలిక వేదాంత కమిషన్ సైతం 2007లో వెలువరించిన పత్రంలో వ్రాసింది.

చివరి ఘడియలలో ఉన్నవారు బాప్తిస్మం కోరితే ముందు వారి కోరికను వారి నోటనే వినండి. స్పృహ లేనివారికి, ఎన్నడూ కోరనివారికి బంధువుల తృప్తి కోసం చేయడం సరికాదు. కతోలిక కుటుంబమైతే, ఫాదర్ గారు వచ్చేలోగా ప్రాణాపాయం ఉంటే సరైన ఉద్దేశంతో ఎవరైనా తలమీద నీరు పోస్తూ పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున జ్ఞానస్నానమిస్తున్నానని పలకవచ్చు. దానికి వారి సంఘ చట్టం అనుమతిస్తుంది. ప్రొటెస్టెంట్ కుటుంబమైతే పాస్టరు గారికి వెంటనే ఫోను చేసి, వారి సంఘపు పద్ధతి అడిగి దాని ప్రకారం నడవండి. ఐ.సి.యూ.లో నీరు వాడేముందు నర్సును అడగాలి. తడిపిన దూదితో నుదుటిమీద నీరు జారేలా చేయడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. తేదీ, సమయం, అక్కడున్న ఇద్దరు సాక్షుల పేర్లు ఒక కాగితం మీద వ్రాసి ఉంచి, ఆ వారంలోనే గుడి రిజిస్టరులో ఎక్కించమని ఇవ్వండి. రోగి కోలుకుంటే మిగిలిన ప్రార్థనలు సంఘం ఎదుట జరిపిస్తారు, నీరు మాత్రం రెండవసారి పోయరు.