బంగారం మంచిదే, నాణెమే దొంగది

పోయిన నెల డాలస్ నుంచి మా బావగారు ఫోన్ చేశారు. ఎవరి దగ్గరో 1881 నాటి అమెరికా ఐదు డాలర్ల బంగారు నాణెం కొన్నారట. వెనకవైపు గద్ద బొమ్మ కింద ‘సీసీ’ అనే అక్షరాలున్నాయి, అంటే నెవాడాలోని కార్సన్ సిటీ టంకశాలలో కొట్టిన అరుదైన నాణెమన్నమాట. కొనేముందు నగల షాపులో బంగారం స్వచ్ఛత చూపే క్యారట్ మీటర్ మీద పెట్టించారు. 90 శాతం బంగారం చూపించింది. తూకం 8.36 గ్రాములు, అదీ సరిపోయింది. బంగారం విలువకు ఎన్నో రెట్లు చెల్లించి తెచ్చుకున్నారు. తర్వాత, నాణెం అసలుదో కాదో, ఎంత బాగుందో తేల్చే గ్రేడింగ్ కంపెనీకి పంపితే అసలు సంగతి బయటపడింది. నాణెం అసలుదే, సీసీ మాత్రం ఎవరో తర్వాత అతికించారు. ఫిలడెల్ఫియాలో ఆ ఏడాది 57 లక్షలకు పైగా కొట్టిన మామూలు నాణెం అది.

జనవరిలో ఫ్లోరిడాలో పెద్ద నాణేల షో జరుగుతుంది. మనవాళ్ళు చాలామంది వెళ్తారు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. రసీదు తీసుకోండి, తెలియనివాణ్ణి నమ్మకండి లాంటివి మీకు ఎలాగూ తెలుసు. నేను చెప్పేది ఒక్క తప్పు గురించే: బంగారాన్ని పరీక్షించి, నాణేన్ని పరీక్షించామనుకోవడం.

ఈ తప్పు మనవాళ్ళే ఎక్కువగా చేస్తారని నా అనుమానం. గీటురాయి, తరుగు, మజూరీ, 916 అనే మాటలు వింటూ పెరిగినవాళ్ళం. నగలో సొమ్మంతా లోహానిదే కాబట్టి అక్కడ ఆ తెలివి పనికొస్తుంది. అరుదైన నాణెంలో మీరు డబ్బిచ్చేది సంవత్సరానికి, ఒక అక్షరానికి, అరగని ముఖానికి. క్యారట్ మీటర్‌కి ఈ మూడూ కనబడవు.

పైగా దొంగ నాణేలు ఇత్తడితోనే చేస్తారనుకోకండి. 1933లో రూజ్వెల్ట్ ప్రభుత్వం జనం దగ్గరున్న బంగారాన్ని అప్పగించమంది, అరుదైన నాణేలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ ఆంక్షలు 1974 చివరి దాకా సాగాయి. పాత నాణెం లోహం ధరకంటే ఎక్కువ పలికింది కాబట్టి, 1960ల్లో బేరూత్ లాంటి చోట్ల అసలు బంగారంతోనే, సరైన తూకంతోనే నకిలీలు కొట్టారు. వాటిని మీ కంసాలి కూడా మంచి బంగారమనే అంటాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు కూడా.

అక్షరాల దగ్గర ఇంకో గుంట ఉంది. ‘డీ’ కనబడగానే జార్జియాలోని డాలోనెగా టంకశాలది, అరుదైనది అని మురిసిపోతారు. ఆ టంకశాల 1838 నుంచి 1861 వరకే నడిచింది. 1906లో డెన్వర్ టంకశాల మొదలై అదే డీ వాడింది, ఐదు డాలర్ల మీద అప్పటికీ పాత లిబర్టీ తల బొమ్మే ఉంది. కాబట్టి డీ చూసిన వెంటనే సంవత్సరం చూడండి.

పదింతలు చూపే భూతద్దం కొనండి. అసలు నాణెం మీద అక్షరం అచ్చులోంచే వస్తుంది, చుట్టూ ఉన్న లోహంలోంచి లేచినట్టుంటుంది. అతికించిన అక్షరం అడుగున సన్నని గీత కనబడొచ్చు, చుట్టూ గీకిన జాడలు ఉండొచ్చు. ఏమీ కనబడలేదని మాత్రం ధీమా పడకండి. మంచి పనివాడు మీ కన్నునూ నా కన్నునూ మోసం చేస్తాడు.

చూపు రెండో వైపు కూడా తప్పుతుంది. 1854లో శాన్ ఫ్రాన్సిస్కోలో కొట్టిన ఐదు డాలర్ల నాణేలు 268 మాత్రమే. అందులో ఒకటి చేతిలో ఉన్న మనిషి షోలో చూపిస్తే, నకిలీ అని తోసేశారట. 2018లో నిపుణులు అది అసలుదేనని తేల్చారు. అందుకే పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీ సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బీలో ఉన్నదే కొనండి. డబ్బీలో లేకపోతే, గ్రేడింగ్‌లో తేడా వస్తే డబ్బు వాపసు ఇస్తానని రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి.

డబ్బీలకూ నకిలీలున్నాయి. సర్టిఫికెట్ నంబర్‌ని ఆ కంపెనీ సైట్‌లో కొట్టి, అక్కడ ఫొటో ఉంటే మచ్చలతో సహా పోల్చండి. నంబర్ దొరికిందని ఆగిపోకండి, అసలు నంబర్లనే కాపీ కొడతారు.

గీటురాయి మీద రుద్దనివ్వద్దు. ఆ గీత మీ డబ్బు.

కుంకుడు రసం వద్దు, టూత్‌పేస్ట్ వద్దు, షాపువాడి పాలిష్ అసలే వద్దు. మెరుపు మళ్ళీ రాదు, గ్రేడింగ్‌వాళ్ళు కడిగిన నాణెమని రాసేస్తారు.

కాసులపేరులో వేయించాలని కొక్కెం అతికించొద్దు. మా పిన్ని చేసింది, ఇంకేం చెప్పను.

అంచులు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టొద్దు.

హోటల్ గదిలో బేరం వద్దు. పార్కింగ్‌లో వద్దు. ‘ఇవాళే, ఇప్పుడే’ అంటే అసలే వద్దు.

ఇంటి ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోకండి, చాలా పాలసీల్లో నాణేలకిచ్చేది 200 డాలర్లే. విడిగా తీసుకోండి.

ఇండియాకి పట్టుకెళ్తుంటే కస్టమ్స్‌లో చెప్పండి. నగలకిచ్చే డ్యూటీ మినహాయింపు నాణేలకు లేదు.

క్యారట్ మీటర్ సరిపోయిందని ఎవరైనా అంటే, మా బావగారి నంబర్ ఇస్తాను, మాట్లాడుకోండి.