కొత్త జబ్బా, పాత మాత్రా? రోజూ వేసుకునే మందుల లెక్క చూసుకోవడం ఎలా

మా అమ్మకి మూడు నెలలు దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు, గొంతులో ఏదో గరగరలాడినట్టు ఊరికే పొడి దగ్గు, రాత్రి పడుకుంటే ఇంకా ఎక్కువ. రెండు రకాల సిరప్‌లు అయిపోయాయి, ఒక యాంటీబయాటిక్ కోర్సు అయిపోయింది, ఛాతీ ఎక్స్‌రే తీయిస్తే అందులో ఏమీ లేదు. చివరికి ఇంకో డాక్టరు పాత చీటీలన్నీ ముందేసుకుని "ఈ రామిప్రిల్ ఎప్పుడు మొదలెట్టారమ్మా?" అని అడిగారు. చూస్తే దగ్గు మొదలవడానికి సరిగ్గా నెల ముందు. ఆ బీపీ మాత్ర ఆపించి టెల్మిసార్టాన్ రాశారు, మూడు వారాల్లో దగ్గు పోయింది.

రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి మందులకి పొడి దగ్గు బాగా తెలిసిన సైడ్ ఎఫెక్టే, అరుదైనదేం కాదు. అయినా మూడు నెలలు ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. కారణం ఏంటంటే ఒంట్లో కొత్తగా ఏదైనా వస్తే మనం కొత్త జబ్బు అనుకుంటాం తప్ప, డబ్బాలో ఉన్న మాత్ర వైపు చూడం. అలా ఒక మందు తెచ్చిన ఇబ్బందికి రెండో మందు, ఆ రెండోది తెచ్చిన ఇబ్బందికి మూడోది చేరి, రెండు మాత్రలతో మొదలైన మనిషి ఎనిమిది మాత్రల దగ్గర తేలతాడు. ఈ గొలుసుని ఎలా పట్టుకోవాలో చెప్పడానికే ఇదంతా. ఒకటి ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు, ఇది చదివి సొంతంగా ఏ మాత్రా ఆపొద్దు, తగ్గించొద్దు. కొన్ని మందులు వేసుకోవడం కంటే చటుక్కున మానేయడమే ప్రమాదం, అవేంటో కింద చెప్తా.

ముందు ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో ఉన్న మందులన్నీ, చీటీ మీద రాసినవే కాదు, షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు, విటమిన్లు, చూర్ణాలు, అన్నీ టేబుల్ మీద పోయండి. ఒక్కోదానికీ స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాకుండా, చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎందుకు, రోజులో ఎప్పుడు అని రాయండి. ఆ పక్కనే, అందరూ వదిలేసే గడి, ఏ తేదీన మొదలైంది, డోసు ఎప్పుడు మారింది అని రాయండి. మా అమ్మ దగ్గు గుట్టు విప్పింది ఆ తేదీయే. కాగితం పైన పెద్దగా, ఏ మందు పడదో రాసి పెట్టండి.

అసలు పేర్లు రాస్తే ఇంకో లాభం ఉంది. వేర్వేరు పేర్లతో ఒకే మందు రెండుసార్లు పోతుంటే అక్కడే దొరికిపోతుంది. ఎక్కువగా దొరికేది పారాసెటమాల్. జ్వరానికి ఒకటి, జలుబు మాత్రలో ఒకటి, ఒళ్లునొప్పుల మాత్రలో ఇంకోటి, మూడింట్లోనూ అదే ఉండొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు, అంటే 500 మిల్లీగ్రాములవి 8, 650వి 6, డోసుకీ డోసుకీ మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు ఉండాలి. మద్యం అలవాటున్నవాళ్లకి, లివర్ జబ్బున్నవాళ్లకి, బాగా బక్కపలచగా ఉన్నవాళ్లకి ఆ హద్దు ఇంకా తక్కువ. ఎక్కువైతే మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు, లివర్ దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకి బయటపడుతుంది. అందుకే ఎక్కువ వేసుకున్నామని తెలిసిన వెంటనే, బాగానే ఉన్నా సరే, ఆసుపత్రికి వెళ్లాలి.

బీపీ మందుల్లో ఆమ్లోడిపిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే గొలుసు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. ఇది రక్తనాళాలని వదులు చేసి బీపీ తగ్గిస్తుంది, మంచి మందు. కానీ కొంతమందికి సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు వస్తుంది, వేలితో నొక్కితే గుంట పడుతుంది, డోసు పెరిగేకొద్దీ వాపూ పెరుగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చే వాపు కాదిది, వదులైన చిన్న నాళాల్లోంచి నీరు చుట్టుపక్కలకి ఊరడం వల్ల వచ్చేది. అందుకే నీరు పోయే మాత్ర ఫ్రూసిమైడ్ ఇస్తే దీనికి పెద్దగా తగ్గదు, పైగా ఒకటికి పదిసార్లు బాత్రూం, పొటాషియం పడిపోవడం, పిక్కలు పట్టేయడం. ఇక పిక్కలకి ఇంకో మాత్ర! ఆమ్లోడిపిన్ డోసు తగ్గించడమో, వేరే మందు కలపడమో, మార్చడమో చేస్తే మొత్తం కథ ముగిసేది. అలాగని కాళ్ల వాపంతా మాత్ర వల్లే అనుకోవద్దు. ఒక్క కాలే వాచి నొప్పిగా ఉన్నా, వాపుతో పాటు ఆయాసం వచ్చినా ఆ రోజే చూపించుకోవాలి.

టెల్మిసార్టాన్, లోసార్టాన్‌లకి దగ్గు తక్కువ. కానీ ఇవైనా, పైన చెప్పిన రామిప్రిల్ రకమైనా రక్తంలో పొటాషియం పెంచగలవు, కాబట్టి అప్పుడప్పుడూ కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, దాంతో పాటు పొటాషియం పరీక్ష చేయించుకోవాలి, ఉప్పుకి బదులు వాడే పొటాషియం ఉప్పు జోలికి డాక్టర్ని అడక్కుండా వెళ్లొద్దు. గర్భం వస్తే ఈ రెండు రకాలూ పనికిరావు, బిడ్డకి హాని, గర్భం ఆలోచన ఉన్నప్పుడే చెప్పి మార్పించుకోవాలి. అటెనొలాల్, మెటొప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తాయి, నీరసం, చేతులు చల్లబడటం ఉంటాయి. వీటిని హఠాత్తుగా మానేస్తే గుండె దడ, ఛాతీ నొప్పి తిరగబడతాయి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి గుండెపోటు దాకా పోవచ్చు. ఊరెళ్తూ స్ట్రిప్ మర్చిపోయే మందు ఇది కాకూడదు.

షుగర్‌కి వస్తే మెట్‌ఫార్మిన్. మొదట్లో వికారం, విరేచనాలు, నోట్లో ఇనుము నాకినట్టు రుచి. భోజనంతో పాటు వేసుకుంటే, డోసు మెల్లగా పెంచితే చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, లేదంటే నెమ్మదిగా కరిగే రకం అడగొచ్చు. ఆ రకంలో ఖాళీ పొట్టు మలంలో కనిపిస్తే కంగారు పడొద్దు, మందు లోపల దిగిపోయింది. ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గొచ్చు, అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు వస్తాయి, అందరూ "షుగరు కదా, నరాలు పోతున్నాయి" అంటారు. నిజంగానే షుగర్ వల్ల కావొచ్చు, బీ12 వల్లా కావొచ్చు, ఒక రక్తపరీక్షతో తేలిపోయే సంగతి, అడిగి చేయించుకోండి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతున్నప్పుడు మెట్‌ఫార్మిన్ కొనసాగించాలా అని ఫోన్ చేసి కనుక్కోవాలి.

గ్లిమెపిరైడ్ వేరు. అది షుగర్‌ని మరీ కిందికి కూడా దించేస్తుంది. మాత్ర వేసుకుని తిండి మానేయడం అంటే ఏరి కోరి కళ్లు తిరిగి పడటమే. చెమటలు, వణుకు, ఆకలి, మాట తడబడటం వస్తే షుగర్ 70 కంటే తక్కువుందేమో చూడాలి, మీటర్ లేకపోతే దాని కోసం ఆగొద్దు, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయొద్దు. అటెనొలాల్ లాంటిది కూడా వాడుతుంటే వణుకు, దడ సరిగా తెలియవు, చెమట ఒక్కటే గుర్తుగా మిగలొచ్చు.

కొలెస్ట్రాల్‌కి ఇచ్చే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ అంటే అందరికీ భయమే, కండరాల నొప్పులని. తమాషా ఏంటంటే మందు లేని డమ్మీ మాత్రతో పోల్చి చూసిన పరీక్షల్లో డమ్మీ వేసుకున్నవాళ్లలోనూ చాలామందికి అవే నొప్పులు వచ్చాయి. కాబట్టి నొప్పి రాగానే మాత్ర పారేయకుండా చెప్పండి, డోసు మార్చొచ్చు, రకం మార్చొచ్చు. నొప్పి బాగా ఎక్కువై మూత్రం కాఫీ రంగులో వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి.

థైరాయిడ్ మాత్రకి సైడ్ ఎఫెక్ట్‌ల కంటే వేసుకునే తీరే గొడవ. థైరాక్సిన్ పరగడుపున, మంచినీళ్లతో, కాఫీకీ టిఫిన్‌కీ అరగంట నుంచి గంట ముందు. ఐరన్, కాల్షియం మాత్రలకి 4 గంటల ఎడం. ఇది పాటించకపోతే మందు ఒంటికి పట్టదు, పరీక్షలో మందు చాలట్లేదని చూపే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, డోసు పెంచుతారు. అదీ ఒక గొలుసే. డోసు మారిస్తే 6 నుంచి 8 వారాలకి పరీక్ష, అంతకంటే ముందు చేయించినా సరైన లెక్క తేలదు. దడ, చెమటలు, నిద్ర పట్టకపోవడం ఉంటే డోసు ఎక్కువైందేమో అడగాలి.

నొప్పి మాత్రలు, అంటే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, వీటి మీద నాకు కాస్త కోపం ఎక్కువే. రెండు రోజుల నడుము నొప్పికి సరే, కానీ రోజూ వాడేవాళ్లకి బీపీ పెరుగుతుంది, కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీకి రక్తం అందడం తగ్గుతుంది. బీపీ పెరిగితే బీపీ మాత్ర డోసు పెంచుతారు, కడుపు మండితే పాంటొప్రజోల్ రాస్తారు, నొప్పి మాత్ర సంగతి మనం చెప్పం, ఎందుకంటే అది షాపులో తెచ్చుకున్నది! రామిప్రిల్ లేదా టెల్మిసార్టాన్, నీరు పోయే మాత్ర, నొప్పి మాత్ర, ఈ మూడూ ఒకేసారి పడితే కిడ్నీలకి గట్టి దెబ్బ తగలొచ్చు. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో రక్తస్రావం భయం వల్ల ఇవి అసలు వద్దు, పారాసెటమాల్ ఒక్కటే. నల్లగా తారులాంటి మలం వస్తే కడుపులో రక్తం కారుతున్నట్టు, ఆగకూడదు. ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లబడుతుంది, అది వేరు, అందుకే ఏం వాడుతున్నారో చెప్పాలి.

పాంటొప్రజోల్, ఒమెప్రజోల్ తిండికి అరగంట ముందు వేసుకుంటే బాగా పని చేస్తాయి. నెలల తరబడి వేసుకుని ఒక్కసారిగా ఆపితే యాసిడ్ ఎగదన్నుకొస్తుంది, దాంతో "చూశావా, ఇది లేకపోతే నాకు కుదరదు" అనుకుంటాం. అది జబ్బు తిరగబడటమే కానక్కర్లేదు, ఆపిన తీరు వల్ల కూడా అలా అవుతుంది. మెల్లగా తగ్గించే పద్ధతి డాక్టర్ని అడగొచ్చు.

కళ్లు తిరుగుతున్నాయని ఇచ్చే ప్రోక్లోర్‌పెరజైన్, సినారిజైన్ నాలుగు రోజులకి రాసినవి, పెద్దవాళ్లు నెలలు వాడేస్తుంటారు. వీటివల్ల చేతులు వణకడం, నడక నెమ్మదించడం, ముఖంలో కదలిక తగ్గడం రావొచ్చు, చూడటానికి అచ్చం పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు లాగే ఉంటుంది, దానికి ఇంకో మందు మొదలైపోయిన సందర్భాలూ ఉంటాయి. ఇంట్లో ఎవరికైనా వణుకు కొత్తగా వస్తే ముందు డబ్బా వెతకండి.

యాంటీబయాటిక్‌లు జలుబుకీ ఫ్లూకీ పని చేయవు, వైరస్ మీద వాటి ప్రతాపం చెల్లదు. అవసరమై రాస్తే చెప్పినన్ని రోజులు వాడాలి, మిగిలినవి దాచి ఇంకోసారి వాడొద్దు. డాక్సీసైక్లిన్ గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు, లేకపోతే అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌ని పాలతో, కాల్షియంతో కలిపి వేసుకోవద్దు, మడమ వెనక తాడులా తగిలే చోట నొప్పి మొదలైతే ఆపమంటారా అని వెంటనే అడగాలి. మెట్రోనిడజోల్ వాడేటప్పుడు మద్యం మానాలి. కోర్సు అయిపోయాక కూడా నీళ్ల విరేచనాలు ఆగకపోయినా, రక్తం పడినా చెప్పాలి.

మిగతావి గబగబా. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర పొద్దున తిన్నాక, అది షుగర్‌ని పెంచుతుంది, ఆకలి పెంచి నిద్ర పోగొడుతుంది, కొన్ని వారాలు వాడాక చటుక్కున ఆపితే ప్రమాదం. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేదంటే నాలుక మీద తెల్లపూత. ఆస్తమాకి, అలర్జీకి ఇచ్చే మాంటెలుకాస్ట్ వాడే పిల్లలకి పీడకలలు, చిరాకు, మనసు మారిపోవడం కనిపిస్తే చెప్పాలి. డిప్రెషన్‌కి, ఆందోళనకి ఇచ్చే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ మొదటి వారం రెండు వారాలు వికారం, టెన్షన్ పెంచినట్టు అనిపిస్తాయి, గుణం కనబడటానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది, చాలామంది సరిగ్గా ఆ మధ్యలోనే మానేస్తారు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా చెప్పాలి. ఆల్‌ప్రజొలామ్ ఆందోళనకి ఇచ్చేది, అలవాటు పడిపోయే మందు. స్టెంట్ వేశాక ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌ని పన్ను పీకించుకోవడానికని కూడా గుండె డాక్టర్ని అడక్కుండా ఆపొద్దు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర వాడేవాళ్లు సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) ముట్టుకోకూడదు, బీపీ ప్రాణం మీదికి వచ్చేంత పడిపోతుంది. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోయిన వాళ్లున్నారు, స్ట్రిప్ మీద ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు పెన్నుతో రాయండి.

ఏ మందుకైనా సరే, పెదవులు, నాలుక, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, దద్దుర్లతో పాటు జ్వరం, నోట్లో పుళ్లు, చర్మం మీద పొక్కులు వచ్చినా, కళ్లు పచ్చబడినా ఎదురుచూసేది లేదు, మందుల సంచీ పట్టుకుని ఎమర్జెన్సీకి. ఫిట్స్‌కి ఇచ్చే కార్బమజెపైన్, యూరిక్ యాసిడ్‌కి ఇచ్చే అలోప్యూరినాల్ మొదలెట్టిన మొదటి రెండు నెలలు చర్మం మీద కన్నేసి ఉంచాలి.

ఒక డోసు మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, తర్వాతి డోసు దగ్గర పడితే వదిలేయండి, రెండూ కలిపి మాత్రం వేసుకోవద్దు. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫరిన్ లాంటివాటికి లెక్క వేరు, ముందే అడిగి కాగితం మీద రాసుకోండి. పేరు చివర ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఆర్ అని ఉంటే నలగ్గొట్టకూడదు, రోజంతా మెల్లగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగిపోతుంది. గొంతు దిగకపోతే సిరప్ రకం ఉందా అని అడగండి.

ఇక డాక్టర్ దగ్గర ఎలా చెప్పాలంటే, "ఈ మందు పడట్లేదండి" అంటే ఆయనకేం అర్థం కాదు. "ఫలానా మాత్ర 3వ తేదీన మొదలైంది, కాళ్ల వాపు 20వ తేదీ నుంచి, సాయంత్రాలు ఎక్కువ, రెండు కాళ్లకీ, ఈ మాత్ర వల్ల కావొచ్చా?" అని అడగండి. కొత్త మందు రాస్తుంటే "ఇది ఎన్నాళ్లు, దేనికి, పాతవాటిలో ఏదైనా ఆపొచ్చా?" అని ఇంకో మాట. మా అమ్మ కాగితం ఇప్పుడు రెండు వైపులా నిండిపోయింది, చివరిసారి వెళ్లినప్పుడు ఆవిడే బ్యాగులోంచి తీసి డాక్టర్ టేబుల్ మీద పెట్టింది, నన్ను మాట్లాడనివ్వలేదు.