పంటి ఎక్స్‌రే ఒక్కసారికే సరిగ్గా రావాలంటే ఏం చేయాలి?

ఎక్స్‌రే మసగ్గా వస్తే మళ్లీ తీయాలి, రేడియేషన్ కూడా మళ్లీ తగులుతుంది. అది తప్పించుకోవడం చాలావరకు మన చేతిలోనే ఉంది.

ముందుగా డాక్టర్ ఏది రాశారో అడగండి. ఒకటి రెండు పళ్లను వేర్లతో సహా చూడటానికి ఐఓపీఏ తీస్తారు. దాన్నే ఫిల్ముకు బదులు నోట్లో పెట్టే సెన్సార్‌తో తీస్తే క్లినిక్కుల్లో ఆర్‌వీజీ అంటారు. రెండు దవడలూ, జ్ఞానదంతాలూ ఒకే ఫొటోలో కావాలంటే ఓపీజీ. పాత ఎక్స్‌రేలుంటే వెంట తీసుకెళ్లండి, వాటితోనే పని జరగొచ్చు. గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. భయం మాత్రం వద్దు. సెన్సార్‌తో తీసే ఒక్క ఐఓపీఏకి సాధారణంగా 10 మైక్రోసీవర్ట్‌లలోపే (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) తగులుతుంది. ప్రకృతి నుంచే మనకు రోజూ సగటున 6, 7 మైక్రోసీవర్ట్‌లు తగులుతుంటాయి.

ఓపీజీకి వెళ్తే చెవిదిద్దులు, ముక్కుపుడక, గొలుసులు, పిన్నులు, కళ్లజోడు, కట్టుడు పళ్ల సెట్టు అన్నీ తీసేయాలి. దిద్దు ఒక్కటే కదా అని వదిలేయకండి. ఎడమ దిద్దు నీడ కుడి దవడ మీద, కాస్త పైకి, మసగ్గా పడుతుంది. డాక్టర్ చూడాల్సిన పన్ను సరిగ్గా దాని వెనకే ఉండిపోవచ్చు. నగలు పట్టుకోవడానికి ఒకరిని తోడు తీసుకెళ్తే నిశ్చింత.

మిషన్ దగ్గర నిటారుగా నిలబడి, గడ్డం ఆన్చి, ముందుపళ్లతో చిన్న పుల్లలాంటిదాన్ని దాని గాడి దగ్గర కొరికి పట్టుకోండి. ఇప్పుడు ఉమ్మి మింగి, నాలుక మొత్తాన్ని అంగిలికి ఆనించి, పెదాలు మూయండి. నాలుక కిందికి జారితే పై ముందుపళ్ల వేర్ల మీద నల్లటి పట్టీ పడి, అక్కడ ఏమున్నా కనబడదు. సుమారు 15 సెకన్లు అలాగే ఉండాలి. మిషన్ తలచుట్టూ తిరుగుతుంటే పిల్లలు అటే చూస్తారు. అందుకే ముందొకసారి కిరణాలు లేకుండా తిప్పి చూపించమని అడగండి.

ఐఓపీఏలో ఇబ్బందల్లా డోకే. సెన్సార్ పెట్టగానే ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చండి. నాలుక కొనకు కాస్త ఉప్పు రాసినా కొందరికి తగ్గుతుంది.

ఫొటో వచ్చాక స్క్రీన్ మీద చూపించమనండి. పంటి పైపొర ఎనామిల్ బాగా తెల్లగా, దాని కిందిపొర డెంటిన్ బూడిదరంగులో, నరం ఉండే గది నల్లగా కనిపిస్తాయి. ఎనామిల్ అంచున నల్లమచ్చ పుచ్చు కావచ్చు. వేరు కొన దగ్గర నల్లటి గుండ్రం ఉంటే ఇన్ఫెక్షన్ అని అనుమానిస్తారు. అయితే కింది దవడలో, కోరపన్ను వెనకుండే చిన్న దవడపళ్ల దగ్గర నరం బయటికొచ్చే సహజమైన రంధ్రం కూడా అచ్చం అలాగే ఉంటుంది. కాబట్టి రూట్ కెనాల్‌కు ఒప్పుకునే ముందు, ఆ పన్నును తట్టి, చల్లదనం తగిలించి పరీక్షించారా అని డాక్టర్‌ను అడగండి.