అద్దె ఇల్లు ఎల్‌ఎల్‌సీ పేరు మీదకు మార్చాక వచ్చే చిక్కులు, వాటికి పరిష్కారాలు

టెక్సస్‌లో మనవాళ్లు చాలామంది కొత్త ఇంట్లోకి మారాక పాత ఇంటిని అద్దెకిచ్చి, ఎల్‌ఎల్‌సీ (కేసులు, అప్పులు సొంత ఆస్తి మీదకు రాకుండా పెట్టుకునే చిన్న కంపెనీ) పేరు మీద పెడుతుంటారు. 300 డాలర్లు కట్టి ఎల్‌ఎల్‌సీ తెరవడం తేలికే. చిక్కులన్నీ ఆ తర్వాతే.

సమస్య: వడగళ్లకు రూఫ్ పాడైతే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఆపేశారు.

కారణం: డీడ్‌లో (ఇంటి యాజమాన్య పత్రంలో) ఎల్‌ఎల్‌సీ పేరుంది, పాలసీ మొదటి పేజీలో మీ పేరుంది. పైగా అది సొంతంగా కాపురం ఉండే ఇంటికిచ్చే పాలసీ. మాకు జరిగిందిదే. ఆ పేజీ అంతకుముందు ఎన్నిసార్లో చూశాను, పేరు సంగతి మాత్రం తట్టలేదు.

పరిష్కారం: డీడ్ మార్చకముందే ఏజెంట్‌కు చెప్పి, అద్దెకిచ్చిన ఇంటికుండే ల్యాండ్‌లార్డ్ పాలసీ తీసుకోండి. అందులో ఇన్సూర్డ్ అన్నచోట ఎల్‌ఎల్‌సీ పేరే ఉండాలి. పాత టైటిల్ ఇన్సూరెన్స్ (యాజమాన్య హక్కు మీద వచ్చే గొడవలకు ఇచ్చే బీమా) కొత్త ఓనర్‌కు వర్తిస్తుందో లేదో టైటిల్ కంపెనీని కూడా అడగండి.

సమస్య: లోన్ మొత్తం ఒకేసారి కట్టమని బ్యాంకు లెటర్ పంపింది.

కారణం: ఇల్లు చేతులు మారితే బాకీ అంతా అడగవచ్చనే షరతు దాదాపు ప్రతి లోన్‌లోనూ ఉంటుంది. 1982 నాటి ఫెడరల్ చట్టం కుటుంబంలో జరిగే కొన్ని బదిలీలకు మినహాయింపు ఇచ్చింది కానీ ఎల్‌ఎల్‌సీకి ఇవ్వలేదు. వాయిదాలు సరిగ్గా కడుతుంటే బ్యాంకులు సాధారణంగా అంతదూరం వెళ్లవు. అయినా ఆ ధైర్యంతో ముందుకెళ్లొద్దని నా మాట.

పరిష్కారం: ముందే రాతపూర్వకంగా అనుమతి అడగండి. మీ లోన్‌ను 2016 జూన్ 1న గానీ ఆ తర్వాత గానీ ఫ్యానీ మే (బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే సంస్థ) కొని ఉంటే, ఎల్‌ఎల్‌సీ మీ చేతిలోనే ఉన్నంతవరకు సాధారణంగా ఒప్పుకుంటారు. లోన్ ఉన్న ఇల్లు ఒక్కటే అయితే మీ పేరు మీదే ఉంచి, మంచి ల్యాండ్‌లార్డ్ పాలసీ, దాని పైన అంబ్రెల్లా పాలసీ (మామూలు పాలసీ పరిమితి దాటిన నష్టాలకు అదనపు బీమా) తీసుకోవడమే నయం.

సమస్య: ఎల్‌ఎల్‌సీ పెట్టినా ట్యాక్స్ తగ్గలేదు.

కారణం: తగ్గదు. మెంబర్ (ఎల్‌ఎల్‌సీ ఓనర్) ఒక్కరే అయితే ఐఆర్‌ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) మామూలుగా దాన్ని వేరుగా చూడదు. అద్దె ఆదాయం చూపే అదే షెడ్యూల్ ఈ ఫారం, ఇంటి ఖరీదును ఏటా కొంత చొప్పున ఖర్చుగా చూపే అదే 27.5 ఏళ్ల డిప్రిసియేషన్.

పరిష్కారం: ట్యాక్స్ కోసమే అయితే పెట్టకండి. కాలిఫోర్నియాలో అయితే ఏటా కనీసం 800 డాలర్లు ఎదురు కట్టాలి.

సమస్య: అద్దెకున్నవాళ్లు కేసు వేస్తే సొంత ఆస్తి మీదకు వస్తుందేమోనని టెన్షన్.

కారణం: అద్దె జెల్‌లో (బ్యాంకుల మధ్య డబ్బు పంపే యాప్‌లో) మీ సొంత అకౌంట్‌కు వస్తోంది, అందులోంచే కిరాణా ఖర్చులు కూడా పోతున్నాయి. ఇలా కలిసిపోతే, ఎల్‌ఎల్‌సీ, మీరు ఒకటేనని అవతలి లాయర్ వాదించడానికి దారి దొరుకుతుంది. ఇంకో సంగతి, మెట్ల రెయిలింగ్ మీరే స్వయంగా బిగించి, అది ఊడి ఎవరైనా పడితే, ఆ తప్పుకు మీ మీదే వ్యక్తిగతంగా కేసు వేయవచ్చు. ఎల్‌ఎల్‌సీ అడ్డురాదు.

పరిష్కారం: ఎల్‌ఎల్‌సీకి ఈఐఎన్ (కంపెనీకిచ్చే ట్యాక్స్ నంబర్) తీసుకోండి, ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో ఉచితం. దాంతో వేరే బ్యాంక్ అకౌంట్ తెరిచి, అద్దె అందులోకే వేయించుకోండి, రిపేర్ల బిల్లులు అందులోంచే కట్టండి. లీజు ఎల్‌ఎల్‌సీ పేరుతో మళ్లీ రాయించి, సంతకం కింద మేనేజర్ అని రాయండి.